అటకమీద నిద్ర

ఒక పనిని పక్కకు నెట్టి మరచిపోవుటను తెలుగులో "అటకెక్కించుట" అందురు. అటక వస్తువుల చోటు గాని మనుష్యుల చోటు కాదని ఆ పలుకుబడియే చెప్పుచున్నది. పెండ్లినాటి గంగాళములు, ఖాళీ ఊరగాయ జాడీలు, ఉయ్యాల గొలుసులు, పాత పంచాంగముల కట్టలు అక్కడ చేరుట వాడుక. నేడు నగరములలో ఒకటి రెండు గదుల వాటాలలో మనుష్యులును అటక నెక్కుచున్నారు. పరీక్షకు చదువుకొను కుఱ్ఱవాడో, ఉద్యోగము వెదకికొనుచు ఊరినుండి వచ్చిన మరదియో అక్కడ పరుపు వేసికొనుచున్నాడు.

ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. తెలుగునేలనుండి వలసపోయిన కామాఠీల పేర కామాఠీపురము వెలసిన ముంబయి నగరమున బట్టల మిల్లుల కాలమునుండియు ఇట్టి పడకలు కలవు. మరాఠీలో వానిని పోట్‌మాళా యందురు. 1920 తరువాతి సంవత్సరములలో అక్కడి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కట్టించిన చాళ్ళలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. కింద చోటు చాలని సంసారము పైకి చూచుట సహజమే కదా.

ఎత్తున పడుకొనుటలో స్వతహాగా తప్పేమియు లేదు. జొన్నచేనికి కావలి యుండు రైతు మంచెమీదనే నిద్రించును. అయితే మంచెకు నాలుగు దిక్కుల గాలి. అటకకు మూడు వైపుల గోడలు, నెత్తిమీద కప్పు. గదిలో వేడెక్కిన గాలి, పొయ్యి సెగ, పొగ పైకి లేచి అక్కడనే నిలుచును. అందుచేత అటకమీద పడుకొన్నవాడు అదే గదిలో నున్నను, కిందివారు పీల్చు గాలిని పీల్చుట లేదు. ఇంటివారు నిచ్చెనను గూర్చి ఆలోచింతురు, పడిపోవుటను గూర్చి భయపడుదురు. ముందుగా ఆలోచింపవలసినది గాలిని గూర్చియే యని మా యభిప్రాయము.

మే మెరిగిన యొక యింట జరిగినది చెప్పెదము. హైదరాబాదులో రెండు గదుల వాటా. పెద్దకూతురు పురిటికి పుట్టింటికి వచ్చినది. ఆమెయు పసిబిడ్డయు ముందుగదిలో మంచముమీద, తల్లి ఆ పక్కనే నేలమీద, ఇంటర్మీడియెటు చదువు తమ్ముడు వంటింటి వాకిలిపైనున్న అటకమీద పడుకొనెడివారు. అది పుష్యమాసము. బాలింతకు చలిగాలి సోకరాదని తలుపులు, కిటికీలు బిగించి, బిడ్డకు సాంబ్రాణి వేసిన కుంపటిని రాత్రియు గదిలోనే యుంచుచుండిరి. నాలుగైదు దినములు వరుసగా కుఱ్ఱవాడు తలనొప్పితో, వికారముతో లేచెను. రాత్రియెల్ల ఫోను చూచుటవలన వచ్చిన తలనొప్పి యని తండ్రి కోపపడెను. అయితే కళాశాలకు పోయిన గంట రెండుగంటలకు నొప్పి తగ్గిపోవుచుండెను. ఆ యొక్క సంగతిని పట్టుకొన్నవాడు మేనమామ. ఆయన ఒక కర్మాగారములో బాయిలరు దగ్గర పనిచేయును. వచ్చినవాడు వచ్చినట్లే కుంపటిని వరండాలోనికి తీసికొనిపోయి నీళ్ళు చల్లెను.

బొగ్గు తగినంత గాలి లేక మండినపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. సాంబ్రాణి పరిమళములో అసలే తెలియదు. నెత్తుటిలోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొనును. మొదట తలనొప్పి, వికారము, పిదప మగత. మేలుకొన్నవాడు బయటికి పోగలడు. నిద్రలో నున్నవానికి ఆ మగతయే నిద్రగా సాగి ప్రాణము తీయవచ్చును. ఈ వాయువు గాలికన్న కొంచెము తేలిక; నిప్పుల సెగతో కలిసి కప్పువైపునకు పోవును. కిందివారికి ముప్పు లేదని దీనివలన అనుకొనరాదు. ఆ తల్లికిని పసిబిడ్డకును ముప్పు పొంచియే యుండెను. పైనున్నవానికి ముందుగా సోకినది, అంతే. కిటికీ ఒక అంగుళము తెరచినంతమాత్రమున కుంపటి నిరపాయము కాదు. తలుపులు మూసిన గదిలో రాత్రి నిప్పు ఉండరాదు. స్నానపుగదిలోని గ్యాసు గీజరు పొగయు నిట్టిదే. దోమల చుట్టను కింద వెలిగించి పైన పడుకొనుటకన్న అటకకు దోమతెర కట్టుకొనుట మేలు.

వంటగ్యాసు సంగతి వేరు. సిలిండరులోని వాయువు గాలికన్న బరువైనది. కారినచో నేలబారున పరచుకొనును. కింద పడుకొన్నవారికి ముందు వాసన తగులును, అటకమీది వానికి చివర తగులును. గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువు తేలికైనది. అది నేరుగా పైకి వచ్చును. మన యింటికి వచ్చునది ఏదో తెలిసికొని, రాత్రి పొయ్యి మీటతో సరిపెట్టక రెగ్యులేటరును గాని గొట్టపు కవాటమును గాని కట్టివేయవలెను. నిద్రలో ముక్కును నమ్మరాదు. పొగను పసిగట్టి మోగు చిన్న పరికరమును అటకకు ఎగువ కప్పుకు బిగించుకొనవచ్చును. అయితే అది కార్బన్ మోనాక్సైడును పసిగట్టదు. దానికి వేరే పరికరము కలదు.

ఇక వేడి. పై అంతస్తు వాటాలలో కాంక్రీటు కప్పు పగలంతయు ఎండను తాగి రాత్రి మెల్లమెల్లగా కిందికి వదలును. కప్పుకు మూడడుగుల దూరమున పడుకొన్నవానికి అర్ధరాత్రి దాటినను ఒడలు చల్లబడదు. మేడమీద తెల్లని సున్నము పూసిన కొంత ఉపశమనము కలదు. అయినను రోహిణి కార్తెలో అట్టి అటకను విడిచి నేలమీదికో మేడమీదికో పోవుటయే తెలివి.

పంకా వేసికొందుమందురా, అక్కడనే చిక్కు. పది అడుగుల గదిలో నడిమి పంకా గోడకు అయిదడుగుల దూరమున నుండును. దాని రెక్క పొడవు నడిమినుండి సుమారు రెండడుగులు. అటక వెడల్పు రెండున్నర అడుగులైనచో దాని యంచునకును రెక్క కొనకును నడుమ మిగులునది అరడుగు. నిద్రమత్తులో చేయి చాచినను, దుప్పటి విసిరినను ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. కప్పు పంకాను తీసివేసి జాలీ గల గోడపంకాను పెట్టుకొనవలెను. పంకాయు అటకయు పక్కపక్కన ఉండదగినవి కావు.

కొలతల మాట వచ్చినది గనుక ఇంకొకటి. నివాసపు గదికి మన జాతీయ భవన నియమావళి విధించిన కనీసపు ఎత్తు 2.75 మీటర్లు, అనగా సుమారు తొమ్మిది అడుగులు. పరుపుమీద తల తగులకుండ కూర్చుండుటకు మూడడుగుల పైచిలుకు కావలెను. పరుపునకు, చెక్కకు ఎనిమిది అంగుళములు పోగా కింద మిగులునది అయిదడుగుల చిల్లర. అనగా పైవాడు కూర్చుండగలిగినచో కిందివాడు నిలువలేడు. పాతకాలపు ఎత్తు గదులకు తగిన ఉపాయము నేటి పొట్టి గదులకు తగదు. దాని కింద చదువు బల్లయో బట్టల పెట్టెయో అమర్చుకొన్న సరి.

ఇంటితో పాటు పోసిన సిమెంటు అటకను మాత్రము నమ్ముటకు ముందు విచారింపవలెను. నియమావళి అటకను సామాను చోటుగానే ఎంచినది. మూడు గోడలమీద ఆనుకొన్నది కొంత నయము. ఒక్క గోడనుండి ముందుకు చాచినది ప్రమాదకరము. దాని బలమంతయు పైభాగపు ఇనుప కడ్డీలలో నుండును. పోతపోయునాడు కూలీల కాళ్ళకింద ఆ కడ్డీలు కిందికి నలిగినచో బయటికి ఏమియు కనబడదు. జాడీలను మోసిన పలక, అంచున కూర్చుండి కాళ్ళూపు మనిషిని మోయకపోవచ్చును. ఇంజనీరు చూచి సరేయనువరకు దానిపై ఎవ్వరును పడుకొనరాదు. చెక్కతోనో ఇనుముతోనో నేలనుండి కాళ్ళు లేపి కట్టిన పడకయే మాకు నమ్మదగినదిగా తోచును. దానికిని ఆరునెలల కొకసారి బోల్టులు బిగింపవలెను.

అంచుకు కఠకటా తప్పదు. రెండంతస్తుల మంచములకు అమెరికా ప్రభుత్వము విధించిన నియమము ప్రకారము కఠకటా పరుపుకన్న అయిదు అంగుళములైనను ఎత్తుండవలెను, సందులు మూడున్నర అంగుళములకు మించరాదు, ఆరేండ్లలోపు పిల్లలను పైన పడుకొనబెట్టరాదు. పలుచని పరుపు తీసి మెత్తని మందపు పరుపు వేసినవారు కఠకటాను అంతమేరకు తగ్గించినవారే యగుదురు. ఇది తరచు మరపునకు వచ్చు సంగతి.

నిచ్చెన ఆరడుగుల ఎత్తుకు చేరునదైనచో దాని మొదలు గోడకు అడుగున్నర దూరమున నుండవలెను. పైకొన కట్టియుండవలెను; కాళ్ళకు రబ్బరు. దిగునపుడు ముఖము నిచ్చెనవైపే. గాఢనిద్రనుండి లేచినవానికి కొన్ని నిమిషములవరకు, ఒక్కొక్కప్పుడు అరగంటవరకు, తెలివి పూర్తిగా రాదు. ఒక నిమిషము కూర్చుండి, దీపము వేసికొని దిగవలెను. స్విచ్చి పడకకు అందుబాటులో లేనిచో ఈ మాట వ్యర్థము. లేవగానే రక్తపోటు తగ్గి కన్ను తిరుగు పెద్దలు, రాత్రి పలుమార్లు లేవవలసినవారు, గర్భిణులు అటక జోలికి పోకుందురు గాక.

ఆ హైదరాబాదు ఇంట కుఱ్ఱవాడు నేటికిని అటకమీదనే పడుకొనుచున్నాడు. తల వైపు గోడకు రంధ్రము చేయించి, గాలిని బయటికి లాగు చిన్న పంకాను బిగించిరి. కుంపటి వరండా దాటి లోనికి రాదు. అటకమీదినుండి దింపిన పెండ్లి గంగాళము మాత్రము ముందుగదిలో వాకిటి కడ్డముగా నున్నది. దానినెక్కడ పెట్టవలెనో ఆ యింటి పెద్దల కింకను తేలలేదు.