‘ఎందుకు రాలేదు?’ అని అడిగే ముందు...

ముంబై హైవే మీద లింగంపల్లి దాటి సంగారెడ్డి వైపు వస్తుంటే రెండు రకాల గేట్లు కనిపిస్తాయి. ఒకటి ఫ్యాక్టరీ గేటు, రెండోది కాలేజీ గేటు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఆ తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు. మధ్యలో రుద్రారంలో గీతం, ముందుకెళ్తే కందిలో ఐఐటీ హైదరాబాద్. సంగారెడ్డిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ. పొద్దున్నే ఒక గేటులోంచి బయటికొచ్చి, అటు నుంచి అటే రెండో గేటులోకి వెళ్లే పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు. నైట్ షిఫ్ట్ చేసి క్లాసుకొచ్చే వాళ్లు.

నేను ఈ బెల్ట్‌లోనే ఓ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నా. ఏటా ఇరవై మందికి మెంటార్‌గా కూడా ఉంటా. మెంటార్ అంటే చాలామంది స్టూడెంట్స్‌కి గుర్తొచ్చేది ఒకటే... అటెండెన్స్ తగ్గితే ఇంటికి ఫోన్ చేసే సారు! ఆ ఇమేజ్ మారాలంటే ముందు మారాల్సింది మేమే. ఇన్నేళ్లలో నాకు పని చేసినవేంటో ఇక్కడ చెబుతా. మీ మెంటార్ నుంచి మీరు ఏం ఆశించొచ్చో కూడా దీంతో తెలుస్తుంది.

నాలుగో వారం చాలా కీలకం

జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యం లాంటి కారణాలకు ఆధారాలు చూపించి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షనే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం హాజరు షరతు ఉంది. అంటే పోయేది సెమిస్టర్ ఒక్కటే కాదు, ఇంటి బడ్జెట్ కూడా.

ఇప్పుడు చిన్న లెక్క. సెమిస్టర్‌లో 90 పని దినాలు, 16 వారాలు అనుకుందాం. నైట్ షిఫ్ట్ వల్ల వారానికి రెండు రోజులు పోతే మొత్తం 32 రోజులు. హాజరు 64 శాతం... డిటెయిన్! అదే నాలుగో వారంలో ఎవరైనా గమనిస్తే? అప్పటికి పోయినవి 8 రోజులే. మిగిలిన 12 వారాల్లో వారానికి ఒక్క రోజు చొప్పున పోయినా మొత్తం 20 రోజులు. హాజరు 77 శాతం పైనే. కుర్రాడు పని మానక్కర్లేదు, వారానికి ఒక షిఫ్ట్ మార్చుకుంటే చాలు.

అందుకే నేను హాజరు లిస్టును నాలుగో వారంలోనే ముందేసుకుని కూర్చుంటా. పన్నెండో వారంలో చూస్తే సలహా ఇవ్వడానికి ఏమీ మిగలదు, తిట్టడం తప్ప.

ప్రశ్న మారితే జవాబు మారుతుంది

సెకండియర్ కుర్రాడొకడు సోమ, మంగళవారాలు వరసగా రావట్లేదు. పిలిచి “ఎందుకు వస్తలేవు?” అంటే వచ్చే జవాబు నాకు తెలుసు. “ఏం లేదు సార్... జ్వరం సార్.” అందుకే అలా అడగలేదు. “పొద్దున ఎన్నింటికి లేస్తున్నవ్?” అన్నా.

కాసేపు ఆగి, “లేసుడు కాదు సార్... అప్పుడే పండుకుంట” అన్నాడు.

అక్కడి నుంచి అసలు సంగతి బయటికొచ్చింది. నాన్న పనిచేసే కంపెనీలో కాంట్రాక్టు అయిపోయింది. ఇంటి కిరాయి కోసం వీడు ఓ గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి వెళ్తున్నాడు. వారం మొదట్లోనే లోడింగ్ ఎక్కువ. పై లెక్కను కాగితం మీద వేసి చూపించా. వాడే సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఒక షిఫ్ట్‌ను శనివారం రాత్రికి మార్చుకున్నాడు. “పని మానెయ్” అని నేను అని ఉంటే, మళ్లీ నా రూమ్‌కి వచ్చేవాడే కాదు. ఆ సలహా పాటించాలంటే వాళ్లింటి కిరాయి ఇంకెవరైనా కట్టాలి మరి!

“ఎందుకు?” అని అడిగితే సంజాయిషీ వస్తుంది. “ఎప్పుడు, ఎట్ల, ఎవరితో?” అని అడిగితే జీవితం బయటికొస్తుంది. ఇంకో మాట... క్లాసులో అందరి ముందు అడగొద్దు. స్టాఫ్‌రూమ్‌లో పది మంది మధ్య అసలే వద్దు. కారిడార్‌లో నడుస్తూ అడిగినా చాలు.

ఇరవై మందికి ఐదు గంటలు

ఫస్టియర్ ఇండక్షన్ కోసం ఏఐసీటీఈ చెప్పిన పద్ధతిలో ఇరవై మందికో ఫ్యాకల్టీ మెంటార్ ఉండాలి. న్యాక్ వాళ్లు కూడా మెంటార్–విద్యార్థి నిష్పత్తి ఎంత అని అడుగుతారు. దాంతో చాలా చోట్ల మెంటారింగ్ అంటే రిజిస్టర్ నింపడం, సంతకాలు తీసుకోవడం అయిపోయింది.

నిజంగా చేస్తే ఎంత టైమ్ పడుతుంది? నెలకు ఒక్కొక్కరికి 15 నిమిషాలు. ఇరవై మందికి 300 నిమిషాలు. అంటే నెలకు ఐదు గంటలే. నేను ప్రతి ఒక్కరి పేరు కింద రెండే లైన్లు రాసుకుంటా. ఈసారి ఏం అనుకున్నాం, వచ్చేసారి ఏం అడగాలి. “మీ అక్క ఎగ్జామ్ ఎట్ల రాసింది?” అని నెల తర్వాత అడిగితే, సారుకు గుర్తుందన్న నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం ఉన్నచోటే అసలు మాట బయటపడుతుంది.

రూల్ తెలియకపోతే తెలుసుకుని చెప్పాలి

మంచి మనసు ఉంటే సరిపోదు, సమాచారం కూడా కరెక్ట్‌గా ఉండాలి. బీటెక్‌కు 160 క్రెడిట్లు. ఏ ఏడాదికి ఎన్ని క్రెడిట్లు వస్తే పై క్లాసుకు ప్రమోట్ అవుతారు, సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడు... ఇలాంటివి రెగ్యులేషన్‌ను బట్టి మారుతుంటాయి. సీనియర్ చెప్పింది వాళ్ల బ్యాచ్ రూల్ కావొచ్చు. అందుకే ఏ రెగ్యులేషనో చూడకుండా నేను జవాబు చెప్పను.

కెరీర్ సలహా కూడా అంతే. “సాఫ్ట్‌వేర్‌కు పో” అనడం తేలిక. కానీ మెకానికల్, కెమికల్ చదివేవాళ్లకు కళ్ల ముందే ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి. చదువు పూర్తయ్యాక స్టైపెండ్‌తో శిక్షణ ఇచ్చే ‘నాట్స్’ అప్రెంటిస్‌షిప్ ఉంది. ప్యాకింగ్‌లో చేసిన పనికీ, అప్రెంటిస్‌గా నేర్చుకునే పనికీ రెజ్యూమెలో తేడా ఎంతో చెప్పాలి. నిర్ణయం మాత్రం వాళ్లదే.

మేం డాక్టర్లం కాదు

నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు, ‘ఎందుకీ బతుకు’ అనిపిస్తోంది... ఇలాంటి మాట వినిపిస్తే లెక్చర్ ఇవ్వకూడదు. వినాలి. “చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?” అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న భారం దిగుతుంది. ఆ తర్వాత ఒంటరిగా పంపకుండా కౌన్సెలర్ దగ్గరికి స్వయంగా తీసుకెళ్లాలి. “ఎవరికీ చెప్పను” అని నేను మాటివ్వను. “నీ ప్రాణానికి ప్రమాదమైతే సాయం చేసేవాళ్లకు చెప్తా, అది కూడా నీకు చెప్పాకే” అంటా.

విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మన పక్కనే ఐఐటీ హైదరాబాద్‌లో ‘సన్‌షైన్’ అనే కౌన్సెలింగ్ విభాగం ఉంది. అక్కడ సీనియర్లే జూనియర్లకు బడ్డీలుగా, మెంటార్లుగా ఉంటారు. మీ కాలేజీలో కౌన్సెలర్ లేకపోయినా టెలీ మానస్ నంబర్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మరి మీ వంతు?

ఈ వారమే మీ మెంటార్ ఎవరో కనుక్కోండి. నోటీస్ బోర్డు మీద లేకపోతే క్లాస్ ఇన్‌ఛార్జిని అడగండి. వెళ్లేటప్పుడు మూడు రెడీగా పెట్టుకోండి: ఇప్పటిదాకా మీ హాజరు శాతం, బ్యాక్‌లాగ్‌ల లిస్టు, మిమ్మల్ని సతాయిస్తున్న ఒక్క సమస్య. “సార్, పది నిమిషాలు కావాలి, ఎప్పుడు రావాలి?” అని అడగండి. ఆ సారు వినకపోతే ఇంకో మేడమ్ దగ్గరికి వెళ్లండి. మెంటార్ లిస్టులో పేరు లేకపోయినా వినే టీచర్ ప్రతి కాలేజీలో ఒకరైనా ఉంటారు.

సెమిస్టర్ మొదలై నాలుగు వారాలు దాటకముందే వెళ్లండి. అప్పుడైతే మా చేతిలో కూడా చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది.