జడ కొసకు ఐదేళ్లు

పదో తరగతి అమ్మాయి జడ నడుము దాకా ఉందనుకుందాం. తల వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన 60 సెంటీమీటర్ల వెంట్రుక వయసు ఐదేళ్లు. రబ్బరు బ్యాండు కింద వేలాడే ఆ కొస, పిల్ల ఐదో తరగతిలో ఉన్నప్పుడు మొలిచింది. కుదురు దగ్గరున్న ముక్క పోయిన వారానిది. ఐదేళ్ల ఎండకూ దువ్వెనకూ అరిగిపోయిన కొసకు నూనె కావాలి, నిన్న మొలిచిన కుదురుకు అక్కర్లేదు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు.

కొండాపూర్ సంగతే చూద్దాం. హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు, సంగారెడ్డి పక్కనున్న మండలం. పొడవాటి జుట్టు మీద ఇక్కడి మోజు కొత్తదేమీ కాదు. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తరఫున యజ్దానీ ఇక్కడి దిబ్బను తవ్విస్తే శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. అందులో దొరికిన మట్టిబొమ్మల తలల మీద ఎంతో ముచ్చటగా తీర్చిన కేశాలంకరణలు ఉన్నాయి. ఇప్పుడు ఆ దిబ్బ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున్నే కనిపించేది వేరు. పటాన్‌చెరు వైపు ఫస్ట్ షిఫ్టుకు పోవాల్సిన తల్లి, బడికి టైమవుతున్న కూతురు, మధ్యలో కొబ్బరినూనె సీసా. "నూనె వద్దే అమ్మా, మొకమంతా జిడ్డయితది" అంటుంది పిల్ల. "నూనె లేకుంటే ఎంటికలు ఎర్రగైతయి" అంటుంది తల్లి. దోసెడు నూనె మాడు మీద పడుతుంది. పాపిట తీసి, రెండు జడలు బిగించి, మడిచి, రిబ్బను ముడి వేస్తే అయిపోయింది. మళ్లీ తలకు పోసుకునేది ఆదివారమే.

నిజానికి ఆ వయసులో నెత్తికి నూనె కొరత లేదు. ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక తైలగ్రంథి ఉంటుంది. ముఖం మీద, మాడు మీద ఇవి చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటాయని అంచనా. పుట్టినప్పటి నుంచీ ఉన్నా, యుక్తవయసు దగ్గరపడేదాకా ఇవి పెద్దగా పనిచేయవు. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగాక నిద్ర లేస్తాయి. ఆండ్రోజన్లు మగపిల్లలవే అనుకుంటాం కానీ ఆడపిల్లల్లో కూడా అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు వీటిని తయారుచేస్తాయి. అప్పుడు ఊరే జిడ్డు పేరు సెబమ్. అది ఎంత ఊరాలన్నది చాలావరకు హార్మోన్ల చేతిలో ఉంది. కాబట్టి ఎక్కువసార్లు తలస్నానం చేస్తే జిడ్డు ఇంకా పెరుగుతుందన్న మాటలో నిజం లేదు. ఇంకో సంగతి: జుట్టు ఎంత పొడవుగా, ఒత్తుగా ఉంటే ఈ జిడ్డు అంతగా మాడు దగ్గరే నిలిచిపోతుంది. అందుకే ఒకే జడలో పైన జిడ్డు, కింద పీచు.

ఈ జిడ్డు మీద బతికే జీవి ఒకటుంది. మలసీజియా అనే ఈస్టు. ఇది దాదాపు అందరి నెత్తి మీదా కాపురం ఉంటుంది. కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు గనుక మన సెబమ్‌ను విరగ్గొట్టి తనకు కావలసింది తిని, ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. ఆ ఆమ్లం పడని వాళ్లకు దురద పుడుతుంది, చర్మం తొందరతొందరగా పొట్టు కడుతుంది. అదే చుండ్రు. ప్రయోగశాలలో ఈ ఈస్టును పెంచాలంటే ఆలివ్ నూనె పోస్తారు. మనం తెల్లపొట్టు చూసి "తల ఎండిపోయింది" అనుకుని ఇంకాస్త నూనె రుద్దుతాం. ప్రయోగశాలలో వాళ్లు చేసేదీ అదే, కాకపోతే వాళ్లకు ఈస్టు కావాలి.

మరి కొబ్బరినూనె దండగా? కాదు. 2003లో ఆర్తి రేలే, ఆర్.బి. మోహిలే కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను వెంట్రుకల మీద పోల్చి చూశారు. దువ్వినప్పుడూ కడిగినప్పుడూ వెంట్రుక కోల్పోయే ప్రొటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నటి గొలుసు. అందువల్ల వెంట్రుక లోపలికి దూరగలదు. ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ వాళ్లే అన్నది మరిచిపోకూడదు గానీ, ఫలితం నమ్మదగిందే. అయితే అందులో తేలింది వెంట్రుక గురించి, మాడు గురించి కాదు. తలస్నానానికి గంట ముందో, ముందు రాత్రో, చెవుల కిందినుంచి కొసల దాకా రాస్తే ఆ నూనె పని అది చేస్తుంది. మాడుకు నూనె తగలదు గనుక నుదుటి అంచున వచ్చే మొటిమలు కూడా తగ్గవచ్చు.

ఇక నీళ్లు. మన వైపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండటం మామూలే. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. రెండు ప్లాస్టిక్ సీసాల్లో సగం దాకా బోరు నీళ్లు పోయండి. ఒకదానిలో స్నానం సబ్బు తురుము, రెండోదానిలో కుంకుడు రసం వేసి గట్టిగా ఊపండి. నీళ్లు కఠినమైనవైతే సబ్బు సీసాలో నురగ సరిగా రాదు, తెల్లటి తరకలు తేలతాయి. సబ్బు కాల్షియంతో కలిసి కరగని పదార్థంగా మారడం వల్ల వచ్చినవి అవి. తలకు ఒంటిసబ్బు రుద్దే ఇళ్లలో వెంట్రుకలకు పట్టుకునేది ఇదే. ఆరాక బంకబంకగా తగిలితే "పోసుకున్న పూటే మళ్లీ జిడ్డు" అనుకుంటాం. పైగా సబ్బుకు క్షారగుణం ఎక్కువ. వెంట్రుక పైపొర, పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పేర్చిన పొలుసులతో ఉంటుంది. క్షారం తగిలితే ఆ పొలుసులు లేచి, చిక్కులు పడతాయి.

రెండో సీసాలో మాత్రం నురగే నురగ. కుంకుడులోని సాపోనిన్ల అణువులో ఒక కొన నీటిని పట్టుకుంటే ఇంకో కొన జిడ్డును పట్టుకుంటుంది. అవి సబ్బులా కాల్షియంతో కలిసి తరకలు కట్టవు. పైగా రసం కొంచెం ఆమ్లగుణం ఉన్నది. బోరు నీళ్ల ఊరికి ఇంతకన్నా సరిపడే సరుకు దొరకదు. ఇప్పటి షాంపూలు కూడా కఠిన జలానికి తట్టుకుంటాయి, కాబట్టి కాయలు నానబెట్టి, గింజ తీసి, పిసికి, వడకట్టే తీరిక లేని ఇంట్లో సాషే వాడటం తప్పేమీ కాదు. కుంకుడు కంట్లో పడితే మాత్రం భగ్గుమంటుంది. అప్పుడు నోట్లో ఉప్పుకల్లు వేయడం మన ఆనవాయితీ. దాని వెనక శాస్త్రం ఎంతుందో గానీ, కళ్లు కడిగేదాకా పిల్ల నోరు మూసుకుని కూర్చోవడానికి బాగా పనికొస్తుంది.

నీళ్లు చాలని చోట ఇదంతా ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. 2019 ఆగస్టులో మెదక్‌లోని ఒక బాలికల గురుకులంలో నీళ్ల కొరత పేరుతో నూరుమందికి పైగా పిల్లల జుట్టు కత్తిరించారని వార్తలు వచ్చాయి. తల్లిదండ్రులు మండిపడ్డారు. వాళ్ల కోపం సబబైనదే. పొట్టి జుట్టుకు నీళ్లు తక్కువ పడతాయి, తొందరగా ఆరుతుంది, అది నిజం. జిడ్డు ఊరడం మాత్రం ఒక్క చుక్క తగ్గదు, ఎందుకంటే అది ఊరేది చర్మంలో. పొడవు ఎంతుండాలన్నది ఆ అమ్మాయి తేల్చుకోవాలి. తనే పొట్టిగా చేయించుకుంటానంటే కాదనడానికి శాస్త్రంలో ఏ కారణమూ లేదు.

జిడ్డు జుట్టున్న పిల్లకు వారానికి ఒక్కసారి చాలదు. రోజు విడిచి రోజు పోసుకున్నా నష్టం లేదు. ఒత్తు జుట్టులో షాంపూ మాడు దాకా చేరదు, అందుకే చెంబెడు నీళ్లలో కలిపి, పాపిటలు తీసుకుంటూ పోసి, వేళ్ల చివరలతో రుద్దాలి. కొసలకు ఆ కారే నురగే ఎక్కువ. తడి జుట్టును సన్నదువ్వెనతో దువ్వితే తెగుతుంది, తడిసిన వెంట్రుక సాగుతుంది, బలం తగ్గుతుంది. అంతకన్నా పెద్ద తప్పు, పొద్దున పోసి తడిగానే జడలు మడిచి బడికి పంపడం. సాయంత్రం దాకా లోపల తడి ఆరదు, వాసన కొడుతుంది, ఈస్టుకు పండగ. బడి వదిలాక పోసుకుంటే రాత్రికి ఆరుతుంది. జడ నుదుటి చర్మం లాగేంత బిగించకూడదు. ఏళ్ల తరబడి అలా లాగితే అంచున వెంట్రుకలు రాలిపోతాయి. పేలకూ జిడ్డుకూ సంబంధం లేదు, తలకు తల తగిలితే ఎక్కుతాయి.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. పొడవు జుట్టులో అవే ఉండకట్టి ఎక్కువగా కనిపిస్తాయి. అంతకు మించి రాలుతుంటే నీళ్లను తిట్టుకునే ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది, ఇనుము తగ్గితే జుట్టు రాలుతుంది. జిడ్డుతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నా హార్మోన్ల పరీక్ష అవసరం. కీటోకొనజోల్ షాంపూ కొన్ని వారాలు వాడినా చుండ్రు తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించాలి. వెళ్లే రోజు తలకు నూనె మాత్రం పెట్టకండి. నూనె కింద పొట్టూ కుదుళ్లూ డాక్టరుకు సరిగ్గా కనిపించవు.