ఇల్లు మారితే పత్రిక ఎందుకు ఆగిపోతుంది?

పత్రికల చందాల సాఫ్ట్‌వేర్ చూసే నన్ను మనవాళ్ళు తరచు అడుగుతుంటారు: "అమెరికాలోనే ఇల్లు మారాం, పోస్టాఫీసుకి చెప్పాం. మొదట్లో వచ్చిన అత్తయ్యగారి పత్రిక తర్వాత ఆగిపోయిందేం?"

పోస్టాఫీసు మామూలు ఉత్తరాలను 12 నెలలు కొత్త ఇంటికి పంపుతుంది. పత్రికలనైతే 60 రోజులే. ఆలోగా పత్రికవారి సాఫ్ట్‌వేర్ పోస్టాఫీసు జాబితాతో పేర్లు సరిచూసుకుని చిరునామా మార్చుకోవాలి.

మనకి చిక్కు పేర్లతోనే. 'ఫ్యామిలీ' అని పెట్టిన ఫారం ఒకే లాస్ట్ నేమ్ ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది. అత్తయ్యగారిది వేరైతే ఆవిడకి విడిగా ఫారం నింపండి. పత్రిక లేబుల్ మీద ఉన్న పేరే, అవే అక్షరాలతో రాయండి. పత్రికవారికి కూడా నేరుగా తెలియజేస్తే మరీ మంచిది.