ఎవరి కొరకు ఈ యంత్రం? లూకస్ కార్మికుల ప్రణాళిక

పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో నడిచే మోటారూ రెండూ గల హైబ్రిడ్ కార్లు నేడు బ్రిటన్ వీధులలో ఎవరికీ వింత కాదు. జపాన్‌కు చెందిన టయోటా సంస్థ 1997 డిసెంబరులో ఇటువంటి కారును విరివిగా తయారు చేసి అమ్మకానికి పెట్టింది. ఆలోచన అంతకంటె చాలా పాతది. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షె ఈ పద్ధతిలో ఒక బండిని నడిపి చూపాడు. అయితే ఈ రెండు కాలాలకూ నడుమ, 1976 జనవరిలో, ఇదే యంత్రాన్ని తయారు చేయండి అని బ్రిటన్‌లోని ఒక విమాన పరికరాల సంస్థకు సూచించినవారు ఆ సంస్థ డైరెక్టర్లు కారు, బయటి శాస్త్రజ్ఞులు కారు. దాని కార్ఖానాలలో పనిచేసే టర్నర్లు, ఫిట్టర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, ఇంజనీర్లు. తమ ఉద్యోగాలు పోనున్నవని తెలిసిన మనుషులు.

ఆ సంస్థ పేరు లూకస్ ఏరోస్పేస్. విమానాలకు ఇంధన నియంత్రణ పరికరాలు, జనరేటర్లు మొదలైనవి చేసేది. దాని ఉత్పత్తిలో ఇంచుమించు సగం సైనిక అవసరాలకు సంబంధించినది. 1970 ప్రాంతంలో అందులో పనిచేసేవారు సుమారు 18,000 మంది కాగా, కొద్ది ఏళ్ళలోనే ఆ సంఖ్య 13,000కు దిగజారింది. దేశంలో 17 చోట్ల చెదరి ఉన్న కార్ఖానాల ప్రతినిధులు, వేర్వేరు యూనియన్లకు చెందినవారైనప్పటికీ, ఒకే ఉమ్మడి సంఘంగా ఏర్పడ్డారు. నేల ఊడ్చేవారి నుండి విమాన యంత్ర నిపుణుల వరకు ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ఇటువంటి సంఘం ఆ దేశంలో అరుదు.

1974 నవంబరులో వీరు అప్పటి పరిశ్రమల మంత్రి టోనీ బెన్‌ను కలిశారు. సంస్థను జాతీయం చేయుట సాధ్యపడకపోవచ్చును గాని, మీరే ఒక ప్రత్యామ్నాయ ప్రణాళికను సిద్ధం చేసుకొనరాదా అన్న సూచన ఆ సమావేశంలో వచ్చింది. సంఘం మొదట చేసిన పని విద్వాంసులకు, విశ్వవిద్యాలయాలకు, ఇతర సంస్థలకు 180 ఉత్తరాలు వ్రాయటం. సమాధానమిచ్చినవారిని చేతివేళ్ళపై లెక్కించవచ్చు. పండితులు మౌనం వహించిన పిమ్మట వారు తమవారినే అడిగారు. ప్రతి కార్ఖానాకూ ప్రశ్నాపత్రం వెళ్ళింది. మీ వద్ద ఏ యంత్రాలున్నవి, ఏ నైపుణ్యాలున్నవి, ఈ చేతులతో సమాజానికి అవసరమైన ఏ వస్తువును చేయగలరని తలచుచున్నారు? ఫలితంగా సుమారు 150 వస్తువుల ఆలోచనలు వచ్చాయి. ఒక్కొక్కటి దాదాపు 200 పుటలు గల ఆరు సంపుటాలు తయారయ్యాయి.

ఈ సంఘంలో ముఖ్యులు మైక్ కూలీ. తెలుగు చెవికి ఈ ఇంటిపేరు వినిపించగానే చిరునవ్వు రాక మానదు. కార్మికుల పక్షాన నిలిచినవానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఐర్లండ్‌లోని టూమ్ పట్టణంలో 1934లో జన్మించిన ఈయన వృత్తిరీత్యా డిజైన్ ఇంజనీరు.

ప్రణాళికలోని వస్తువులలో కొన్నింటి వెనుకనున్న విజ్ఞానాన్ని పరిశీలిస్తే అది నినాదాల పత్రం కాదని బోధపడుతుంది. హైబ్రిడ్ ఇంజనునే తీసుకొందాము. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఆనాటి సీసం-ఆమ్లం బ్యాటరీలో కిలోకు 30 నుండి 40 మాత్రమే. కనుక కేవలం బ్యాటరీతో దూరప్రయాణం అప్పట్లో కలలోని మాట. మరొక వంక, పెట్రోలు ఇంజను ఒక నిర్దిష్ట వేగం వద్ద మాత్రమే తన పని చక్కగా చేస్తుంది. నగరంలో ఆగుతూ, కదులుతూ పోయేటప్పుడు ఇంధనం సగం సగం కాలి, పొగగా, విషవాయువులుగా బయటపడుతుంది. ఈ రెంటి లోపాలనూ ఒకదానితో ఒకటి పూడ్చవచ్చునని కార్మికులు గ్రహించారు. చిన్న ఇంజను ఎల్లవేళలా తనకు నచ్చిన వేగంతోనే తిరుగుతూ బ్యాటరీని నింపుతుంది. చక్రాలను మోటారు త్రిప్పుతుంది. దీనివలన ఇంధనం సగం వరకు ఆదా కాగలదని, విషవాయువులు 80 శాతం తగ్గగలవని వారి అంచనా. నేటి కార్లలో చాలావాటి అమరిక ఇంతకంటె జటిలమైనది, ఇంజను కూడా అవసరాన్ని బట్టి చక్రాలను త్రిప్పుతుంది. మూలసూత్రం మాత్రం ఇదే.

రెండవది హీట్ పంప్. మన ఇంటి ఫ్రిజ్‌ను తిరగవేసినట్లు ఊహించండి. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెలుపలకు నెట్టుతుంది. ఈ యంత్రం వెలుపలి చలిగాలిలో మిగిలియున్న కొద్దిపాటి వేడిని తోడి ఇంటిలోనికి తెస్తుంది. చలిగాలిలో వేడి ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. పరమ శూన్య ఉష్ణోగ్రత మైనస్ 273 డిగ్రీలని గుర్తు చేస్తే చాలు. సున్నా డిగ్రీల గాలిలో కూడా వేడి పుష్కలమే. లూకస్ కార్మికులు దీనిని సహజవాయువుతో నడిచే ఇంజనుకు జతపరచాలన్నారు. లెక్కకు 100 పాళ్ళ వాయువు కాల్చితే ఇంజను 30 పాళ్ళ పని చేస్తుందనుకొందాము. పంపు దానిని మూడింతలు చేసి 90 పాళ్ళ వేడిని తెస్తుంది. ఇంజను వృథాగా వదలే వేడిలో 45 పాళ్ళు పట్టుకొంటే మొత్తం 135. అదే వాయువును మామూలు బాయిలరులో మండిస్తే 100కు మించే ప్రసక్తి లేదు. ఓపెన్ యూనివర్సిటీ పరిశోధకుల సహకారంతో దీని నమూనా కూడా తయారైంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో విద్యుత్తుతో నడిచే హీట్ పంపులకు ప్రభుత్వం 2022లో ఒక గ్రాంటు పథకాన్ని ప్రారంభించింది.

మూత్రపిండాల యంత్రం గురించి కొంత చెప్పవలసి ఉంది. డయాలిసిస్‌లో రక్తం ఒక పలుచని పొర వెంట ప్రవహిస్తుంది. యూరియా అణుభారం 60, రక్తంలోని ఆల్బుమిన్ అణుభారం దాదాపు 66,000. పొర రంధ్రాలలో నుండి చిన్నది జారిపోతుంది, పెద్దది నిలిచిపోతుంది. జల్లెడ సూత్రమే. దీనిని తొలిసారి మనిషికి పనికివచ్చే యంత్రంగా మలచినవాడు డచ్ వైద్యుడు విలెమ్ కాల్ఫ్. 1943లో, నాజీల ఆక్రమణలో నున్న హాలండ్‌లో, మాంసపు సాసేజీలకు వాడే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క పీపాకు చుట్టి ఆయన దానిని నిర్మించాడు. అవసరమే ఇంజనీరు, చేతికందినదే సామగ్రి. లూకస్ సంస్థ 1970లలో ఇటువంటి యంత్రాలను కొద్దిగా చేస్తూనే ఉండేది. ఉత్పత్తిని పెంచండి, రోగి వెంట తీసుకొనిపోగల చిన్న యంత్రాన్ని రూపొందించండి అన్నది కార్మికుల కోరిక. విమానంలో ద్రవాల ఒత్తిడిని, ప్రవాహాన్ని అదుపులో ఉంచగల చేతులకు రక్తప్రవాహాన్ని అదుపులో ఉంచే పంపు కొత్త విద్య కాదు.

ఈ జాబితాలో శాస్త్రీయంగా అతి లోతైన ఆలోచన మరొకటి. సముద్రగర్భంలోనో, గనిలోనో ప్రమాదకరమైన పని చేయుటకు మనిషిని తొలగించి స్వయంచాలక యంత్రాన్ని పెట్టాలని సాధారణంగా అనుకొంటారు. లూకస్ కార్మికులు అందుకు భిన్నంగా ఆలోచించారు. మనిషి భద్రమైన చోట కూర్చుండి తన చేతి కదలికలతోనే దూరాన నున్న యాంత్రిక హస్తాన్ని నడపాలి. కారణం, పనివాని చేతిలో మాటలకు లొంగని జ్ఞానం ఉంటుంది. తుప్పు పట్టిన నట్టును ఎంతవరకు బిగించాలో, ఎక్కడ ఆపకపోతే మర విరుగుతుందో ఫిట్టరుకు తెలుసు. కాని దానిని సూత్రంగా వ్రాసి ఇవ్వమంటే వ్రాయలేడు. అరిసెల పాకం ఎప్పుడు దించాలో తెలిసిన నాయనమ్మను ఎన్ని డిగ్రీలని అడిగిచూడండి. నీళ్ళలో వేసిన పాకపు చుక్కను వ్రేళ్ళతో నొక్కి “ఇదీ పాకం” అంటుందే గాని అంకె చెప్పదు. రసాయన ప్రయోగశాలలో ఉష్ణమాపకం చెప్పలేని దానిని కూడా ఆ వ్రేళ్ళు చెబుతాయి. అటువంటి జ్ఞానాన్ని పారవేసే యంత్రం కాదు, దానికి చేయి అందించే యంత్రం కావాలని ఆ కార్మికుల వాదన. కూలీ 1980లో ప్రకటించిన “ఆర్కిటెక్ట్ ఆర్ బీ?” అన్న గ్రంథంలో ఈ విషయాన్నే విస్తరించారు.

యాజమాన్యం 1976లోనే ప్రణాళికను త్రోసిపుచ్చింది. దాని మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ వస్తువులలో కొన్నింటికి కొనుగోలు శక్తి గల సంత లేదు. వికలాంగుని వద్ద అవసరం ఉంటుంది, ధనం ఉండదు. అయితే వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లలు నడుపుకొనే హాబ్‌కార్ట్ అనే చిన్న బండి సంగతి వేరు. ఆస్ట్రేలియాలోని ఒక సంఘం 2,000 బండ్లు కావాలన్నప్పటికీ సంస్థ తన ఉత్పత్తులతో పొసగదని నిరాకరించిందని కూలీ వ్రాశారు. దీనిని సంత లేకపోవటం అనలేము. ఏ వస్తువు చేయాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్నదే అసలు తగాదా. జీతం, పనిగంటల గురించి కార్మికులతో బేరమాడుటకు యాజమాన్యాలు అలవాటుపడ్డాయి. ఈ ప్రశ్నపై బేరానికి అవి సిద్ధంగా లేవు. యూనియన్ల అగ్రనాయకత్వమూ, అధికారంలో ఉన్న లేబర్ ప్రభుత్వమూ కూడా గట్టిగా వెనుక నిలువలేదు. ప్రణాళిక 1979లో నోబెల్ శాంతి బహుమానానికి ప్రతిపాదింపబడింది. 1981లో కూలీ ఉద్యోగం పోయింది. అదే సంవత్సరం ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది.

కథ అక్కడితో ఆగలేదు. గ్రేటర్ లండన్ కౌన్సిల్ తన సంస్థ ద్వారా కూలీని సాంకేతిక విభాగానికి పెద్దగా నియమించింది. 1983 నుండి నగరంలో ఐదు టెక్నాలజీ నెట్‌వర్కులు ఏర్పడ్డాయి. లేత్, మిల్లింగ్ యంత్రం మొదలైన పరికరాలున్న ఈ కార్యశాలల తలుపులు సామాన్యులకు తెరిచి ఉంచారు. పాలిటెక్నిక్ అధ్యాపకులు, నిరుద్యోగ కార్మికులు, పేటలోని గృహిణులు అక్కడ కలిశారు. విద్యుత్ సైకిలు, చిన్న గాలిమరలు, వికలాంగులకు ఉపకరణాలు, పిల్లల ఆట సామగ్రి, పాతవాటిని బాగుచేసి మరల వాడదగినట్లు చేసిన వస్తువులు, స్త్రీల కంప్యూటర్ సహకార సంఘం, ఇవన్నీ ఆ కార్యశాలల పంటే. ఒక నెట్‌వర్కు పేదల ఇళ్ళలో చలి సమస్యను పట్టుకొని, వెచ్చదనం పౌరుని హక్కు అని ఉద్యమం నడిపింది.

కష్టాలు లేకపోలేదు. మంచి ఆలోచన ఉన్న మనిషికి యంత్రం నడపటం రాదు, యంత్రం వచ్చినవానికి పేటవాసుల భాష పట్టదు. నమూనాలు అనేకం తయారయ్యాయి, అమ్ముడుపోయే సరుకైనవి తక్కువ. వాటిని సరిదిద్దుకొనుటకు వ్యవధి కూడా చాలలేదు. థాచర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో 1986 మార్చి 31న గ్రేటర్ లండన్ కౌన్సిలే రద్దయింది. దానితో కార్యశాలలకు ఆధారం పోయింది. కూలీ 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. నాటికి ఆయన నివసిస్తున్న దేశంలో హైబ్రిడ్ కార్లు లక్షల సంఖ్యలో తిరుగుచున్నవి.