పోస్టులో ఫ్రీ గిఫ్ట్ వచ్చిందా? ఆ చిన్న పెన్ను వెనుక పెద్ద లెక్కే ఉంది!

ఇంటికి ఒక కవర్ వస్తుంది. విప్పి చూస్తే ఉత్తరంతో పాటు ఒక పెన్నో, కీచైనో, బుల్లి క్యాలెండరో ఉంటుంది. మనం అడగలేదు, డబ్బులూ ఇవ్వలేదు. అయినా చెత్తబుట్టలో వేయడానికి మనసు రాదు. "పాపం, ఏదో పంపారు కదా" అనుకుంటూ ఉత్తరం చదివేస్తాం. పంపినవాళ్లకు కావాల్సింది సరిగ్గా అదే.

చదివింపుల లెక్కే!

పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసుకుంటాం. వాళ్లింట్లో శుభకార్యం జరిగితే తిరిగి చదివించకుండా ఉండలేం. తీసుకున్నాక తిరిగి ఇవ్వాలనే ఈ మొహమాటమే డైరెక్ట్ మెయిల్ మార్కెటింగ్‌కు పెట్టుబడి.

అమెరికాలో వికలాంగ మాజీ సైనికుల సంస్థ ఒకటి విరాళాలు కోరుతూ ఉత్తరాలు పంపేది. మామూలు ఉత్తరాలకు సుమారు 18 శాతం మంది స్పందించారు. కవర్‌పై అంటించుకునే అడ్రస్ స్టిక్కర్లు జత చేస్తే అది 35 శాతానికి చేరింది. సైకాలజీ ప్రొఫెసర్ రాబర్ట్ చాల్దీని తన 'ఇన్‌ఫ్లుయెన్స్' పుస్తకంలో ఈ ఉదాహరణ ఇచ్చారు.

స్విట్జర్లాండ్‌లోనూ ఇలాంటి ప్రయోగమే జరిగింది. ఢాకా వీధి బాలల కోసం విరాళాలు అడుగుతూ దాదాపు 10 వేల ఉత్తరాలు పంపారు. కొన్నింటిలో పిల్లలు వేసిన బొమ్మలున్న పోస్టుకార్డు ఒకటి, మరికొన్నింటిలో నాలుగు పెట్టారు. ఏమీ పెట్టని ఉత్తరాలతో పోలిస్తే, ఒక్క కార్డుకు 17 శాతం, నాలుగు కార్డులకు 75 శాతం ఎక్కువ విరాళాలు వచ్చాయి. ఆర్థికవేత్త ఆర్మిన్ ఫాల్క్ ఈ ఫలితాలను 2007లో ప్రచురించారు.

మరి ఖర్చు ఎవరిది?

ఉదాహరణకు వెయ్యి మందికి 5 రూపాయల పెన్ను పంపితే 5 వేలు అవుతుంది. వారిలో 20 మందే కొన్నారనుకుందాం. అంటే ఒక్కో కస్టమర్‌కు గిఫ్ట్ ఖర్చు 250 రూపాయలు. పోస్టేజీ అదనం. చివరికి ఇదంతా కొన్నవాళ్లు కట్టే ధరలోనే రావాలి. అందుకే గిఫ్టులు తేలిగ్గా, కవర్‌లో పట్టేలా, రోజూ కళ్ల ముందు ఉండేలా ఎంచుకుంటారు.

ఇక్కడే జాగ్రత్త!

ఈ ఆశనే మోసగాళ్లూ వాడుకుంటున్నారు. తెలిసిన కంపెనీ పేరుతో పోస్టులో స్క్రాచ్ కార్డు వస్తుంది. గీకితే కారు తగిలిందని ఉంటుంది. ఫోన్ చేస్తే ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ విడతల వారీగా డబ్బు లాగుతారు. కారు మాత్రం రాదు.

తేడా ఒక్కటే గుర్తుపెట్టుకోండి. గిఫ్ట్ చేతిలో పెట్టి ఆ తర్వాత అడిగేది మార్కెటింగ్. గిఫ్ట్ ఇస్తామంటూ ముందే డబ్బు అడిగేది మోసం.

ఏం చేయాలంటే..

* ఉచితమని పంపిన వస్తువును నిశ్చింతగా వాడుకోండి. బదులుగా కొనాల్సిన పని లేదు.
* గిఫ్ట్ రాకపోయినా ఇదే కొనేవాళ్లమా, ఇంతే ఇచ్చేవాళ్లమా అని ఒకసారి ఆలోచించండి.
* బహుమతి కోసం ఓటీపీ, ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరికీ చెప్పొద్దు.
* డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.