ఆచార్యపీఠమునుండి శాసనమండలికి

మన శాసనమండలి చరిత్ర విచిత్రమైనది. ఆంధ్రప్రదేశమున 1958లో నెలకొల్పబడి, 1985లో రద్దుగావింపబడి, 2007లో మరల ప్రాణము పోసికొనినది. రాజ్యాంగపు 171వ అధికరణముచే పట్టభద్రులకు లభించిన పండ్రెండవ వంతు స్థానములును ఆ యేటనే తిరిగి దక్కినవి. ఆ ద్వారమున సభ ప్రవేశించినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయ పత్రికారచనశాఖాచార్యులు శ్రీ కె. నాగేశ్వర్ గారొకరు.

1954లో స్థాపితమైన ఆ శాఖలో, వార్త యెట్లు పుట్టునో, ఎవరి లాభమునకై వంకరపోవునో బోధించుట వారి వృత్తి. ‘ది హన్స్ ఇండియా’ యను ఆంగ్ల దినపత్రికకు సంపాదకత్వము వహించిరి. టెలివిజను చర్చలలో రాజకీయ వ్యాఖ్యాతగా వారి కంఠము తెలుగిండ్లకు సుపరిచితము.

హైదరాబాదు, రంగారెడ్డి, మహబూబునగరు పట్టభద్రులు వారిని 2007లో స్వతంత్రునిగనే యెన్నుకొనిరి. మండలి సభ్యులలో మూడవ వంతు రెండేండ్లకొకమారు విరమింపవలెను గనుక, 2009లోనే మరల వోటరుల యెదుట నిలువవలసివచ్చెను, మరల గెలిచిరి. 2014లో తెలంగాణ మేర్పడినపిమ్మట నూతన రాష్ట్ర మండలిలో కొనసాగి, 2015లో పదవీకాలము ముగించిరి.

స్వతంత్ర సభ్యునకు పక్షము విధించు కట్టడి లేదు; వెనుక బలగమును లేదు. అసలు మండలికే బలము తక్కువ. ధనసంబంధమైన బిల్లును పదునాలుగు దినములకు మించి యాపజాలదు; ఇతర బిల్లులను మొదట మూడు నెలలు, రెండవమారు ఒక నెల నిలుపగలదు, అంతియే. అట్టిచోట ఒంటరి సభ్యునకు మాటయే ఆయుధము. మాట విలువ యెరిగిన యుపాధ్యాయుడు అచ్చట కూర్చుండుట మా దృష్టిలో చిన్న లాభము కాదు.

ఆ స్థానము 2015లో భారతీయ జనతాపార్టీకి పోయినది. 2021లో ఆచార్యులవారు మరల స్వతంత్రునిగ నిలిచి, మూడవ స్థానమున నిలిచిరి. తెలంగాణ రాష్ట్రసమితి యభ్యర్థిని, పి.వి. నరసింహారావుగారి కుమార్తె శ్రీమతి సురభి వాణీదేవి గారు నెగ్గిరి. పోటీచేసినవారు 93 మంది! వోటుకాగితము వార్తాపత్రికంత పెద్దదైనది. ఈ యెన్నికలో ముద్ర వేయరాదు. ప్రాధాన్యక్రమమున అంకెలు వ్రాయవలెను. ఒకటవ అంకె లేకున్నను, సంతకము చేసినను వోటు చెల్లదు. లెక్కింపు దినములకొలది సాగెను. డిగ్రీలు గలవారి వోట్లే గదా యనుకొందుము. వానిలో వేలకొలది చెల్లక పోయినవి.