ఉద్యోగి గోప్యత – సామాజిక మాధ్యమ ఖాతాలు: యజమాని అధికార పరిమితి

ఉపోద్ఘాతం

పనివేళల్లో సంస్థ కంప్యూటరుపై ఉద్యోగి చేసే పనిని యజమాని గమనించడం సాధారణంగా అంగీకరించిన విషయమే. ఉద్యోగి సొంత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల దాకా ఆ అధికారం విస్తరిస్తుందా అన్నది వేరే ప్రశ్న. దీనికి భారతీయ చట్టాలు ఇస్తున్న సమాధానాన్ని, అందులోని లోపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

మేరీలాండ్ ఉదంతం

2010లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర కారాగార శాఖలో, సెలవు అనంతరం తిరిగి విధుల్లో చేరదలచిన ఒక ఉద్యోగిని ఇంటర్వ్యూలో ఫేస్‌బుక్ పాస్‌వర్డు అడిగారు. ఉద్యోగావసరం వల్ల అతడు చెప్పాడు. అధికారి అతని ఎదుటే ఖాతాను పరిశీలించాడు. దీనిపై సాగిన చర్చ ఫలితంగా, యజమానులు పాస్‌వర్డులు అడగరాదని 2012లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. అమెరికా రాష్ట్రాల్లో ఇటువంటి చట్టం ఇదే మొదటిది. తరువాత ఇరవైకి పైగా రాష్ట్రాలు దీనిని అనుసరించాయి.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. పాస్‌వర్డు చేతికి వస్తే ఉద్యోగి రాతలతోపాటు మిత్రులు, బంధువులు అతనికి పంపిన సందేశాలూ బయటపడతాయి. ఆ ఉద్యోగంతో వారికి సంబంధం లేదు. వారి సమ్మతిని ఎవరూ అడగలేదు.

భారతీయ చట్టాల స్థితి

పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అయితే ప్రాథమిక హక్కులు ప్రధానంగా రాజ్యాన్ని కట్టడి చేసేవి. ప్రైవేటు యజమానిని కట్టడి చేయడానికి శాసనం కావాలి.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం అనుమతి లేకుండా, దురుద్దేశంతో కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించడం నేరం. ఉద్యోగి తానే పాస్‌వర్డు చెప్పినప్పుడు మాత్రం అనుమతి ఉందని యజమాని వాదించగలడు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతులు లేకుండా ఉండాలి. పేర్కొన్న ప్రయోజనానికి అవసరమైన డేటాకే అది పరిమితం కావాలి. కాని 7వ సెక్షన్, ఉద్యోగ ప్రయోజనాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడటం కోసం సమ్మతి లేకుండానే డేటాను వినియోగించే వీలు కల్పించింది. వాణిజ్య రహస్యాల రక్షణ ఇందుకు చట్టం చూపిన ఉదాహరణల్లో ఒకటి. ఇక వ్యక్తి తానే బహిరంగపరచిన డేటాకు ఈ చట్టం వర్తించదు.

ముగింపు

‘ఉద్యోగ ప్రయోజనం’ అనే మాటకు హద్దు ఎక్కడన్నదే కీలకం. దానిని విస్తృతంగా అన్వయిస్తే 6వ సెక్షన్ ఇచ్చిన రక్షణను 7వ సెక్షన్ హరిస్తుంది. నిరాకరిస్తే జీవనోపాధి పోతుందన్న భయం ఉన్నచోట సమ్మతి మాటకే మిగులుతుంది. ఒకరి సంకల్పాన్ని మరొకరు శాసించగల స్థితిలో కుదిరిన ఒప్పందాన్ని సందేహించాలన్న సూత్రం 1872 నాటి ఒప్పందాల చట్టం 16వ సెక్షన్‌లోనే ఉంది. ఆ సూత్రాన్ని డిజిటల్ సమ్మతికీ వర్తింపజేయడం, పాస్‌వర్డు అడగడాన్ని మేరీలాండ్ తరహాలో స్పష్టంగా నిషేధించడం అవసరం. అప్పుడే ఉద్యోగితోపాటు, అతనితో సంభాషించినవారి గోప్యతకూ రక్షణ లభిస్తుంది.